ఫ్యాడ్ బోయా మాయం, లంగరు కదల్లేదు: తాడు ఎందుకు తెగుతోంది?

మీ ఫ్యాడ్‌కి (చేపలు చేరడానికి సముద్రంలో లంగరేసి తేలనిచ్చే సాధనం) పైన తేలే బోయా రెండు నెలలకే పోయింది, మిగిలిన తాడు కొస నీటుగా తెగి ఉంది అన్నారు కదా, అది అలల దెబ్బ కాదండి, పడవ ప్రొపెల్లర్ కోసేసి ఉంటుంది. అలలకి అరిగి తెగితే కొస పీచుపీచుగా ఉంటుంది.

మీరు పైనుంచి కింద దాకా పాలీప్రొపిలీన్ తాడే వాడినట్టున్నారు. అది తేలుతుంది, ప్రవాహం తగ్గగానే మిగులు తాడంతా నీటిపైకి వచ్చి పరుచుకుంటుంది, ఇంక ఏ ఇంజిన్ పడవ అటు పోయినా అంతే.

1. లోతు ముందు సరిగ్గా కొలవండి, లంగరు పడే చోటే. వాలు మీద పడితే కిందకి జారుతుంది.
2. మొత్తం తాడు లోతుకి ఓ 25 శాతం ఎక్కువ ఉండాలి. 200 మీటర్ల లోతైతే 250 మీటర్లు.
3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: పై భాగానికి మునిగే నైలాన్, కింద భాగానికి తేలే పాలీప్రొపిలీన్. అప్పుడు మిగులు తాడు పైకి తేలకుండా, అడుగున రాళ్లకి రాసుకోకుండా నీటి మధ్యలో వంపు తిరిగి ఆగుతుంది. కొనేముందు చిన్న ముక్క బకెట్ నీళ్లలో వేసి చూడండి, షాపువాడి మాట నమ్మొద్దు.
4. నైలాన్ దొరక్కపోతే తాడు పై భాగంలో బరువు కట్టండి, పైకి లేవనివ్వదు.
5. రెండు తాళ్లు ముడేయకండి, ముడి దగ్గర బలం దాదాపు సగం పోతుంది. పేటలు విప్పి ఒకదాన్లో ఒకటి అల్లండి.

చేపల కోసం కింద పాత వలలు మాత్రం కట్టొద్దు, తాబేళ్లు చిక్కుకుంటాయి. కొబ్బరి మట్టలు చాలు.