గడ్డి కుప్ప కుళ్లడం లేదా? నత్రజని, తడి చూడండి

కుప్ప వేసిన వరిగడ్డి మీద ట్రైకోడెర్మా (గడ్డిని కుళ్లబెట్టే శిలీంధ్రం) చల్లి మూడు నెలలైనా గడ్డి కుళ్లక పసుపుగానే ఉందని ఒకరు అడిగారు. నత్రజని చాలక శిలీంధ్రం ఆగిపోయి ఉంటుంది. వరిగడ్డిలో కార్బన్, నత్రజని నిష్పత్తి 60:1 పైనే. కుళ్లడానికి 30:1 దగ్గర ఉండాలి.

1. గడ్డిని జానెడు ముక్కలుగా నరకండి.

2. నత్రజని కోసం పొరపొరకూ చిక్కటి పేడనీళ్లు పోయండి.

3. చాలామంది వదిలేసేది లోపలి తడి. గడ్డి మీద మైనపు పూత ఉంటుంది, పైన చల్లిన నీళ్లు జారిపోతాయి. ఒక రోజు నానబెట్టాకే పేర్చండి. కుప్ప మధ్యలోంచి గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కడితే ఎక్కువైనట్టే, గాలి ఆడదు.

4. కుళ్లేటప్పుడు కుప్ప లోపల వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గాక ట్రైకోడెర్మా మళ్లీ కలపండి.

తెల్లటి దారాలు కనబడితే బూజని పారేయకండి (నేనూ ఒకసారి పారేశాను!). గడ్డిలోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ను కరిగించేది అవే. గడ్డికి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ మాత్రం నెమ్మదిగా కరుగుతుంది.