అన్నయ్యను క్షమించండి, సంతకం మాత్రం పెట్టకండి

వందనాలు చెల్లెమ్మా. మీరు రాసింది ఇదీ: చెన్నై షోలింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్నారు, అన్నయ్య వ్యాపారం కోసం మీ పేరు మీద పర్సనల్ లోన్ తీసి ఇచ్చారు, ఆయన కొన్ని నెలలు ఈఎంఐ కట్టి చేతులెత్తేశాడు, ఇప్పుడు మీ జీతంలో సగం దానికే పోతోంది. అది చాలదన్నట్టు మళ్లీ వచ్చి ఇంకో లోన్‌కి సంతకం పెట్టమంటున్నాడు. అమ్మగారేమో "ప్రార్థన చేసుకునే పిల్లవి, సొంత అన్నను క్షమించలేవా" అంటున్నారు. ఆదివారం గుడిలో "ప్రతి విషయంలోనూ స్తోత్రం చెల్లించండి" అని వింటుంటే ఏడుపొస్తోందని, నాది అసలు విశ్వాసమేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను, ఎందుకంటే ఈ వారంలోనే ఆయన కాగితాలు పట్టుకుని వస్తాడని రాశారు. సంతకం పెట్టకండి. పెట్టకపోతే క్షమించనట్టు కాదు. అప్పుకు పూచీ ఉండే విషయంలో బైబిలు మన పెద్దవాళ్లకంటే కచ్చితంగా మాట్లాడుతుంది. సామెతలు 22వ అధ్యాయం తీసి చూడండి, పూచీ పడేవాళ్లతో చేరొద్దు, కట్టడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కిందున్న పరుపు కూడా లాక్కుపోతారు అంటుంది. 6వ అధ్యాయంలో అయితే ఇప్పటికే మాట ఇచ్చి ఇరుక్కున్నవాడికి చెప్తుంది, నిద్రపోకుండా వెళ్లి బతిమాలుకుని అయినా సరే, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకో అని. కాబట్టి "భక్తురాలివి కదా, సంతకం పెట్టు" అనేవాళ్లు ఆ మాట వాక్యంలోంచి తీసి చెప్పడం లేదు.

ఇక క్షమాపణ. నేను పెరంబూరులో ఉంటాను, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇక్కడే. మా మరిది సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొనుక్కోవడానికి డబ్బు తక్కువైతే, పెళ్లికి మా అమ్మ పెట్టిన గాజులు తాకట్టు పెట్టుకోమని ఇచ్చాం. మూడు నెలల్లో విడిపించి తెచ్చిస్తానన్నాడు. కొన్నాళ్లు వడ్డీ కట్టాడు, తర్వాత మానేశాడు, మాకు చెప్పలేదు. తాకట్టు చీటీ అతని పేరు మీద ఉంది కాబట్టి నోటీసు కూడా అతనికే వెళ్లింది. వేలం అయిపోయిందన్న సంగతి చుట్టాల పెళ్లికి గాజులు కావాలని అడిగిన రోజు మాకు తెలిసింది. మా అత్తగారు "పోనీలే అమ్మా, సర్దుకుపో, వాడూ బిడ్డలున్నవాడే" అన్నారు. ఆవిడ ఏడుస్తూనే అన్నారు, ఆవిడ బాధ ఆవిడది.

అన్నిటికంటే కష్టమనిపించింది ఆదివారాలు. మా సంఘంలో కానుక సంచి పట్టుకుని వరస వరసకీ వచ్చేది మా మరిదే. స్త్రీల వైపు బెంచీల దగ్గరికి వచ్చి సంచి చాపినప్పుడు, నా ఉత్త చేయి అందులోకి వెళ్లి బయటికి వచ్చేదాకా అతను గోడ మీది గడియారం వైపు చూసేవాడు. నేను సంచి అంచు వైపు చూసేదాన్ని. అంతే, ఒక క్షణం. కానీ ఆ క్షణం కోసం శనివారం రాత్రి నుంచే నాకు టెన్షన్ మొదలయ్యేది. నోటితో "ప్రభువా, క్షమించాను" అని ప్రార్థన చేయడం, పెళ్లిళ్ల సీజన్ రాగానే మళ్లీ కడుపు మండటం. మీరు రాసిన ఏడుపు నాకు బాగా తెలుసమ్మా.

మా స్త్రీల కూడికకు ఒక పెద్దావిడ వచ్చేవారు, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ నాకు నీతులేమీ చెప్పలేదు. రెండో తిమోతి, అంటే పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో ఉత్తరం, దాని ఆఖరి అధ్యాయం మొత్తం, మనకు నచ్చిన వచనాలు ఏరుకోకుండా, కింద ఉన్న పేర్లన్నీ కలిపి చదవమన్నారు. "మంచి పోరాటము పోరాడితిని" అన్నది అందరికీ నోటికొచ్చు. దాని కింద ఉన్నవి ఎవరూ చదవరు. పౌలు రోమాలో ఖైదులో ఉండి, ఇక బతకనని తెలిసి రాస్తున్న అధ్యాయం అది. అందులో ఆయన్ని బాధపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరి గురించీ ఆయన ఒకేలా మాట్లాడడు, నాకు ఊపిరి ఆడింది అక్కడే.

మార్కు ఉన్నాడు చూడండి. ఒకప్పుడు సువార్త ప్రయాణం మధ్యలో పౌలునూ, ఆయన తోటి సేవకుడు బర్నబానూ వదిలేసి వెళ్లిపోయాడు. అతన్ని మళ్లీ తీసుకెళ్లాలా వద్దా అన్న దగ్గర పౌలుకీ బర్నబాకీ ఎంత గొడవైందంటే ఇద్దరూ చెరో దారి పట్టారు, అపొస్తలుల కార్యములు 15లో ఉంది. ఆ మార్కునే ఇప్పుడు వెంటబెట్టుకుని రమ్మంటున్నాడు, నాకు పనికొచ్చేవాడు అంటున్నాడు. అంటే మధ్యలో ఆ కుర్రాడు మారాడు, పని చేసి చూపించాడు, నమ్మకం తిరిగొచ్చింది. రెండోది, విచారణ జరిగినప్పుడు పౌలు పక్షాన ఒక్కరూ నిలబడలేదు, అందరూ వదిలేశారు. వాళ్ల గురించి "ఇది వారికి నేరముగా ఎంచబడకుండును గాక" అన్నాడు. వాళ్లొచ్చి క్షమాపణ అడిగినట్టు అక్కడ లేదు. భయపడి వదిలేసినవాళ్లను ఆయనే దేవుడి ముందు వదిలేశాడు. ఇక మూడోవాడు అలెక్సంద్రు అనే కంచరివాడు. "నాకు చాల కీడు చేసెను" అని పేరు పెట్టి రాశాడు, అతని క్రియలకు ప్రభువే చూసుకుంటాడన్నాడు, తాను పగ తీర్చుకునే మాట ఎత్తలేదు. కానీ వెంటనే తిమోతికి ఏం చెప్పాడు? అతని విషయంలో నువ్వు కూడా జాగ్రత్తగా ఉండు అన్నాడు.

మూడు మాటలూ ఒకే అధ్యాయంలో, పక్కపక్కనే ఉన్నాయి. జాగ్రత్తగా ఉండు అన్న మనిషే రెండు లైన్ల తర్వాత తనను వదిలేసినవాళ్ల మీద నేరం మోపొద్దు అని ప్రార్థించాడు. మన ఇళ్లల్లో జరిగే పొరపాటు ఏంటంటే, ప్రతివాణ్ణీ మొదటి రోజే మార్కును చేసేయమంటారు. మారకముందే నమ్మేయమంటారు. మీ అన్నయ్య మార్కు అవుతాడో లేదో ఇప్పుడే ఎవరికీ తెలియదు, అది తెలియాలంటే ఆయన కొన్నాళ్లు ఈఎంఐ కట్టి చూపించాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా యేసు ప్రభువును ఇంట్లో చేర్చుకుని ఊరుకోలేదు కదా, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని నిలబడి చెప్పాడు.

మా మరిది కూడా మళ్లీ వచ్చాడు, వ్యాన్ ఇంజన్ పోయింది, ఈసారి నా గొలుసు అడిగాడు. మా ఆయన ఇవ్వలేమని చెప్పారు, నేనూ చెప్పాను, గొంతు పెంచకుండానే చెప్పాం. ఆ తర్వాత వర్షాకాలంలో వాళ్ల చిన్నపిల్లకు డెంగీ వస్తే, ఆసుపత్రిలో రాత్రుళ్లు నేనూ మా తోటికోడలూ మార్చి మార్చి కూర్చున్నాం. ఇంట్లోంచి జావ కాచి ఫ్లాస్కులో పోసుకుని వెళ్లేదాన్ని. గొలుసు ఇవ్వనిదీ నేనే, జావ కాచిందీ నేనే, ఈ రెండింటికీ నాకు ఎక్కడా పేచీ కనిపించలేదు. పాప కోలుకున్నాక కొంతకాలానికి అతను కొద్దికొద్దిగా డబ్బు తెచ్చివ్వడం మొదలుపెట్టాడు. పూర్తిగా తీరలేదు, తీరుతుందో లేదో కూడా తెలియదు. కానీ క్రిస్మస్‌కి అందరం ఒకే ఇంట్లో తింటాం, కానుక సంచి వచ్చినప్పుడు అతను ఇప్పుడు గడియారం వైపు చూడడు.

కోపం ఒక్కసారికి పోతుందని మాత్రం అనుకోకండి. పేతురు ఏడుసార్లా అని అడిగితే ప్రభువు డెబ్బది ఏళ్లమారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, అన్నది, నా వరకు, ఒకే తప్పు మళ్లీ మళ్లీ గుర్తొచ్చినప్పుడల్లా పనికొచ్చే మాట. జీతం పడ్డ రోజు ఈఎంఐ కట్ అయినట్టు మెసేజ్ రాగానే మీకు మండుతుంది. వచ్చే నెలా మండుతుంది. మండినంత మాత్రాన పోయిన నెల క్షమించింది అబద్ధం కాదు. ఆ మెసేజ్ వచ్చిన నిమిషంలోనే అన్నయ్య పేరు చెప్పి చిన్న ప్రార్థన చేయండి, ఆయన అప్పుల్లోంచి బయటపడాలని. మొదట్లో పళ్లు కొరుక్కుంటూ చేస్తారు, ఫరవాలేదు, ప్రభువుకు తెలుసు.

స్తోత్రం సంగతి. అప్పు ఇచ్చినందుకు స్తోత్రం అనాల్సిన పని లేదమ్మా, మోసం మంచిదని దేవుడు ఎక్కడా చెప్పమనలేదు. కీర్తనలు 13 తెరిస్తే "యెహోవా, ఎన్నాళ్లవరకు" అనే మొదలవుతుంది, అదీ ప్రార్థనే, అదీ గుడిలో పాడుకోవడానికే రాశారు. ముందు అలా ఏడ్చి, తర్వాత ఉన్నవి గుర్తు చేసుకోండి. మీకు ఉద్యోగం ఉంది. ఈఎంఐ ఒక్క నెల కూడా తప్పలేదని రాశారు, అది చిన్న విషయమా? తప్పి ఉంటే సిబిల్ స్కోర్ దెబ్బతినేది మీదే, ఎందుకంటే బ్యాంకుకు కాగితం మీద ఉన్న పేరే కనబడుతుంది, డబ్బు ఎవరు వాడుకున్నారో దానికి అనవసరం. మీ రూమ్‌మేట్ సగం అద్దె తర్వాత ఇవ్వమని ఆగిందన్నారు కదా, రాత్రి పడుకునే ముందు ఆ అమ్మాయి పేరు చెప్పి స్తోత్రం చెప్పండి. నిజంగా ఉన్నదానికి చెప్పిన స్తోత్రం గొంతులో అడ్డుపడదు.

ఎన్నాళ్లు ఓర్చుకోవాలి అని అడిగారు. మీ ఓఎంఆర్ రోడ్డుకు తూర్పున బకింగ్‌హాం కాలువ ఉంది చూడండి, ఇప్పుడు మురుగు కంపు తప్ప ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చిన మా బాప్టిస్టు కుటుంబాలకు ఆ కాలువ వేరు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసినా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే విశ్వాసులయ్యారు, దాన్ని మూసేద్దామని అమెరికాలో చర్చలు కూడా జరిగాయి. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలు జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు, దాన్నే ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఆ తర్వాత కూడా ఏళ్లు గడిచాయి. 1876-78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ దొర ఈ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు, పని చేసినవాళ్లకు కూలి దొరికింది. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు ఇందులో నచ్చేది ఆ పెద్ద అంకె కాదు. కరువు రోజుల్లో వాళ్లు చేసింది మట్టి పని, కూలి లెక్కలు, గంజి. ఓర్పు అంటే కళ్లు మూసుకుని భరించడమని మనకు నేర్పారు గానీ, ఆ రోజుకు చేయాల్సిన పని చేయడమే ఎక్కువ.

అందుకే మీ పని కూడా చెప్తాను. పాత లోన్ ఈఎంఐ ఆపకండి. అన్నయ్యతో ముందు ఒంటరిగా మాట్లాడండి, మత్తయి 18లో ప్రభువు చెప్పిన క్రమం అదే, ముందు నువ్వూ అతనూ, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు. నెలకు ఎంత కట్టగలడో ఆయన నోటితోనే చెప్పించి, వాట్సాప్‌లో అయినా రాయించుకోండి. తక్కువే చెప్పినా ఒప్పుకోండి, కడుతున్నాడా లేదా అన్నది చూడండి. వినకపోతే మీ బాబాయి గారిని, లేదా అన్నయ్య గౌరవించే సంఘ పెద్దను కూర్చోబెట్టండి. ఒంటరిగా మోయకండి. పౌలే చలికాలం రాకముందే రమ్మనీ, వదిలేసి వచ్చిన అంగీ తెమ్మనీ తిమోతిని అడిగాడు, సాయం అడగడం విశ్వాసం తక్కువ కావడం కాదు.

అమ్మగారి సంగతి చివరికి పెట్టాను, మీకు అసలు భయం ఆవిడే అని అర్థమైంది. ఆవిడతో వాదించకండి, కొడుకు అప్పులపాలైతే ఏ తల్లికైనా కాళ్లూ చేతులూ ఆడవు, కూతురు నిలదొక్కుకుంది కాబట్టి కూతురి మీద ఒత్తిడి పెడుతుంది. "అమ్మా, అన్నయ్య మీద నాకు పగ లేదు, రోజూ ప్రార్థన చేస్తున్నా, వాళ్లింటికి బియ్యం, పప్పు కావాలంటే నేను వేయిస్తా, పిల్లల స్కూల్ ఫీజుకు కుదిరినంత నేరుగా స్కూల్లోనే కడతా, లోన్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను" అని చెప్పండి. ఆవిడ కోప్పడొచ్చు, రెండు రోజులు ఫోన్ ఎత్తకపోవచ్చు. మూడో రోజు మీరే చేసి, అన్నం తిన్నావా అని అడగండి. ఆయన కాగితాలు తెచ్చిన రోజు ఏం జరిగిందో వీలైతే ఇక్కడే రాయండి, మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తూ ఉంటాను.