ట్యూబులు ఎక్కించిన కొద్దీ ముదిరే పొదుగువాపు

ప్రశ్న: మా ముర్రా బర్రె ఈని రెండు నెలలైంది. ఇరవై రోజుల కింద వెనక కుడి చన్నుకు పొదుగువాపు వచ్చింది. చన్నులోకి మూడు రకాల యాంటీబయాటిక్ ట్యూబులు మార్చి మార్చి ఎక్కించాం. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వాచింది. జ్వరం వస్తూ పోతూ ఉంది, మేత మాత్రం తింటోంది. ఈసారి ఏ మందు ఎక్కించాలి?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ఈసారి ఏ ట్యూబూ ఎక్కించకండి. ముందు చేయాల్సిన వైద్యం అదే.

మీరు రాసినదాన్ని బట్టి ఇది ఈస్ట్ వల్ల వచ్చిన పొదుగువాపేమోనని నా అనుమానం. ఈస్ట్ బూజు జాతిది, పొదుగులో ఎక్కువగా కనిపించేది కాండిడా రకం. మామూలు పొదుగువాపు బ్యాక్టీరియాతో వస్తుంది కాబట్టి యాంటీబయాటిక్ పనిచేస్తుంది. ఈస్ట్‌ను ఆ మందులు ఏమీ చేయలేవు. పైగా దానికి పోటీగా ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోయి దానికే దారి సులువవుతుంది. జ్వరం ఉన్నా మేత తినడం, ఎన్ని ట్యూబులు మార్చినా వాపు తిరగబెట్టడం, ఈ రెండూ కలిస్తే నేను ముందు దీన్నే అనుమానిస్తాను.

లోపలికి ఎలా వెళ్లిందంటే, చాలాసార్లు మన చేతులతోనే. చన్ను మొన తుడవకుండా ట్యూబు దూర్చడం, ఒకే సిరంజి నాలుగు బర్రెలకు వాడటం, నిన్న మూత తీసిన మందు ఇవాళ ఎక్కించడం. మీ దగ్గర ఏం జరిగిందో మీకే తెలుస్తుంది.

పరీక్ష చేయించకుండా ఖాయంగా చెప్పలేం. చన్ను మొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, స్టెరైల్ సీసాలో పాలు పట్టి, ఐసులో పెట్టి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు పంపండి. చీటీ మీద ‘యాంటీబయాటిక్ వాడాం, ఈస్ట్ కోసం కూడా చూడండి’ అని తప్పక రాయించండి. లేకపోతే బ్యాక్టీరియా పరీక్ష ఒక్కటే చేసి ‘ఏమీ లేదు’ అని రిపోర్టు ఇచ్చే ప్రమాదముంది.

రిపోర్టు వచ్చేలోపు ఆ చన్నును రోజుకు ఐదారు సార్లు పూర్తిగా పిండేయండి. ఈ బర్రెను అన్నిటికంటే చివర్న పిండండి, పాలు నేల మీద పారబోయకండి. యాంటీబయాటిక్ ఆపి ఇలా పిండుతూ ఉంటే చాలా పశువుల్లో రెండు నుంచి ఆరు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నొప్పికి, జ్వరానికి మెలాక్సికామ్ డాక్టరుగారితో వేయించండి. స్టెరాయిడ్ మాత్రం వద్దు.

ఈస్ట్ అని తేలి, అప్పటికీ తగ్గకపోతే క్లోట్రిమజోల్, మికొనజోల్ వంటి మందును పొదుగులోకి ఎక్కిస్తారు. అందరి పశువులకూ పనిచేస్తుందని మాట ఇవ్వలేను. మోతాదు డాక్టరుగారే చెప్పాలి, మనుషుల చర్మానికి రాసే ఆయింట్‌మెంట్ తెచ్చి సొంతంగా ఎక్కించకండి. ఒక్కోసారి ఆ చన్ను గట్టిపడి పాలు ఆగిపోతాయి కూడా. మిగతా మూడింటిని కాపాడుకోవడానికి పిండాక ప్రతిసారీ అయోడిన్ ద్రావణంలో ముంచండి.

వాచిన చన్ను పాలు దూడకు కూడా తాగించొద్దు. మందు వాడాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో ట్యూబు డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటేవరకు మిగతా చన్నుల పాలు కూడా పాల కేంద్రానికి పోయకండి.

బర్రె మేత మానేసినా, లేవలేకపోయినా రిపోర్టు కోసం ఆగకుండా సంచార పశువైద్యశాల నంబరు 1962కు ఫోన్ చేయండి.