ప్రశ్నలు మీవి – జవాబులు మావి: బూడిద లైన్లలో అరుగుదల లెక్కలు

ప్రశ్న: హాపర్ల నుంచి సైలోకి (బూడిద నిల్వ చేసే గోపురానికి) గాలితో ఫ్లై యాష్ (బాయిలర్ నుంచి వచ్చే సన్నని బూడిద) పంపే మా 150 మి.మీ. లైన్లో అయిదు బెండ్లు (మలుపులు) ఉన్నాయి. ఫ్లుయెంట్‌లో (గాలి, ద్రవాల ప్రవాహాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్) సిమ్యులేషన్ చేస్తే అన్నీ ఒకేలా అరుగుతాయని వస్తోంది. తీరా చూస్తే సైలో దగ్గరి చివరి బెండే మాటిమాటికీ పంక్చర్ అవుతోంది. తప్పెక్కడ?
– ఒక మెయింటెనెన్స్ ఇంజనీరు

జవాబు: రెండు చోట్ల వెతకండి. మొదటిది, గాలి సాంద్రత స్థిరమని ఇచ్చారేమో. లైను మొదట్లో 1 బార్ గేజ్ (వాతావరణ పీడనానికి పైన 1 బార్) ఉండి, చివర్లో వాతావరణ పీడనానికి దిగితే గాలి రెట్టింపు వ్యాకోచిస్తుంది. 15 మీ./సె.తో బయల్దేరింది 30తో సైలో చేరుతుంది. సాంద్రతను ఐడియల్ గ్యాస్‌కి (పీడనంతో పాటు సాంద్రత మారే లెక్కకి) మార్చండి.

రెండోది, అసలు దొంగ, ఎరోజన్ (అరుగుదల) ప్యానెల్లో ఉంటుంది. జెనరిక్ మోడల్లో వేగం ఘాతాంకం డిఫాల్టుగా సున్నా, కోణం ఫంక్షన్ 1. అంటే రేణువు ఎంత వేగంతో ఏ కోణంలో తగిలినా అరుగుదల ఒక్కటే! రంగుల బొమ్మ మాత్రం ముచ్చటగా వస్తుంది. ఉక్కుకి ఘాతాంకం సుమారు 2.5 పెట్టండి. వేగం రెట్టింపైతే కిలో బూడిదకి అరుగుదల 5.7 రెట్లు. కోణం వక్రరేఖ 20–30 డిగ్రీల దగ్గర శిఖరం చేరాలి. సిరామిక్ లైనింగ్ అయితే ఆ శిఖరం 90 దగ్గరికి పోతుంది, దానికి వేరే వక్రరేఖ కావాలి.

చివరి బెండుకి ముందు పైపును 200 మి.మీ. చేస్తే వేగం 17కి, అరుగుదల దాదాపు పావు వంతుకి దిగుతాయి. అయితే గేజ్ పీడనం 0.1 బార్‌కి తగ్గిన చోటు తరవాతే పెంచండి. తొందరపడితే వేగం 15 కన్నా కిందికి పడిపోయి బూడిద అడుగున పేరుకుంటుంది, లైను జామవుతుంది.

ప్రశ్న: సిమ్యులేషన్లో పైపు గోడ దగ్గర మెష్ (లెక్క కోసం చోటును విడగొట్టే గళ్లు) సన్నం చేసేకొద్దీ అరుగుదల పెరుగుతూనే ఉంది, ఎక్కడా నిలవడం లేదు.
– ఎం.టెక్. విద్యార్థిని, వరంగల్

జవాబు: గోడను ఆనుకున్న మీ మొదటి సెల్ (మెష్ గడి) రేణువు కన్నా చిన్నదై ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి రేణువు ఒక బిందువే. 100 మైక్రాన్ల రేణువు 20 మైక్రాన్ల సెల్లోకి దూరి, అసలు తగలని చోట పదేపదే గోడను కొడుతుంది. 20 మీ./సె. వేగానికి వై-ప్లస్ (గోడ నుంచి దూరాన్ని ప్రవాహంతో పోల్చి చెప్పే, ప్రమాణం లేని సంఖ్య) 30 అంటే మొదటి సెల్ మధ్యబిందువు గోడకి 0.45 మి.మీ. దూరంలో, సెల్ ఎత్తు 0.9 మి.మీ. దగ్గర ఉంటుంది. వాల్ ఫంక్షన్‌తో (గోడ పక్క ప్రవాహాన్ని సూత్రంతో అంచనా వేసే పద్ధతి) అంత చాలు. ఆ తరవాత రేణువుల సంఖ్యను 50,000 నుంచి లక్షకి పెంచి చూడండి. గరిష్ఠ విలువ కదిలితే ఇంకా పెంచాలి.

ఫలితం చదరపు మీటరుకి సెకనుకి 0.000001 కిలో అని వస్తే, ఉక్కు సాంద్రత 7850తో భాగించండి. నెలకి 0.33 మి.మీ. అల్ట్రాసానిక్ గేజ్‌తో కొలిచిన మందంతో పోల్చి, ఎరోజన్ మోడల్లోని గుణకాన్ని సరిచేసుకోండి.

ప్రశ్న: రేణువులకి సగటు సైజు ఒక్కటే ఇస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఇదే 150 మి.మీ. లైన్లో 20 మీ./సె. దగ్గర 10 మైక్రాన్ల బూడిదకి స్టోక్స్ సంఖ్య (రేణువు గాలితో తిరుగుతుందా, నేరుగా పోతుందా అని చెప్పేది) సుమారు 0.09, అది గాలితోపాటే మలుపు తిరిగిపోతుంది. 50 మైక్రాన్లకి 2.3, అది నేరుగా వెళ్లి గోడకి కొట్టుకుంటుంది. జల్లెడ పట్టిన లెక్కలతో రోసిన్-రామ్లర్ పంపిణీ (ఏ సైజు రేణువులు ఎంత వాటానో చెప్పే సూత్రం) ఇవ్వండి, ముతక కొసను (పెద్ద రేణువుల భాగాన్ని) మాత్రం కత్తిరించకండి.