టీసీ ముందే తీసుకోకు తమ్ముడూ

వరంగల్ నుంచి హైదరాబాద్ కాలేజీకి బీటెక్ రెండో ఏడాదిలో మారాలి, ముందు టీసీ తీసేసుకోనా అని అడిగావు కదా, అస్సలు వద్దు. కొత్త కాలేజీలో నీ బ్రాంచిలో సీటు ఖాళీ ఉందో కనుక్కో, రెండు కాలేజీల నుంచీ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తీసుకో, అనుమతి కాగితం చేతికొచ్చాకే టీసీ. నేను ఎన్‌ఓసీ కోసం మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాను, చివరికి చూస్తే ఫైలు మీద ఒక్క స్టాంపు పడలేదంతే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కొనసాగుతుందో లేదో అప్పుడే అడుగు, చాలామంది ఇది మర్చిపోతారు. సిలబస్ తేడా ఉంటే బదులుగా ఇచ్చే సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు రాయాల్సి వస్తుంది, మొదటి వారంలోనే సీనియర్ల నోట్సు పట్టుకో. రూమ్ కోసం అమీర్‌పేట వైపు పరుగెత్తకుండా కాలేజీ బస్సు ఆగే చోట చూడు. కొన్నాళ్లు క్యాంటీన్‌లో ఒక్కడివే కూర్చుంటావు, ల్యాబ్ బ్యాచ్‌లో పడ్డాక ఆ టెన్షన్ పోతుంది, నాకూ అలాగే పోయింది.