అల్లుడి వంశవృక్షాన్ని నమ్మొచ్చా?

ప్రశ్న: మా అల్లుడు ఇంగ్లండువాడు, కెంట్ జిల్లా వైపు వాళ్లు. వాళ్లింట్లో పుట్టుకలూ చావులూ చేత్తో రాసిన పాత బైబిలు, అట్టకి అతికించిన వంశవృక్షం, కొన్ని కాగితాలు ఉన్నాయి. 1640 నాటి ఓ భూస్వామి తమ మూలపురుషుడనీ, ఆ వంశంలోనే ఒకాయన మన మచిలీపట్నం కూడా వచ్చాడనీ చెప్తారు. మనవరాలి కోసం రాసిపెడదామని నా ఆశ. నిజమెంతో తేల్చుకునేదెలా?
– ఒక అమ్మమ్మ, రాజమండ్రి

జవాబు: అమ్మా, ముందు ఆ భూస్వామిని పక్కన పెట్టండి. ఆయన దగ్గర మొదలెట్టి కిందకి దిగితే అదే ఇంటిపేరున్నవాళ్లు ఎవరో ఒకరు దొరకనే దొరుకుతారు, మనవాళ్లే అనిపిస్తారు, దెబ్బతినేది అక్కడే. అల్లుడి తాతగారి నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. అలా వెనక్కి 1837 జూలై దాకా ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లున్నాయి, టెన్షన్ లేదు. అంతకుముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిని రాయమని 1538లోనే ఉత్తర్వు వచ్చినా అన్ని ఊళ్లవీ మిగల్లేదు, పైగా 1640ల అంతర్యుద్ధంలో చాలాచోట్ల రాసే నాథుడే లేడు.

బైబిల్లో పేర్లకన్నా ముందు అది అచ్చయిన సంవత్సరం చూడండి. 1790లో అచ్చయిన పుస్తకంలో 1640 నాటి పుట్టుక, ఆ కింద నాలుగు తరాలూ ఒకే సిరాతో ఒకే చేతిరాతలో ఉంటే, ఎవరో తర్వాత కూర్చుని విన్నదంతా ఒకేసారి రాశారన్నమాట. అబద్ధమని కాదు, సాక్ష్యం మాత్రం కాదు.

తేదీలతో ఇంకో తిరకాసు ఉంది. 1752కి ముందు ఇంగ్లండులో లెక్కప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1640 ఏప్రిల్‌లో పెళ్లి, 1640 ఫిబ్రవరిలో బిడ్డకి బాప్తిస్మం అని రిజిస్టర్లో కనిపిస్తే కంగారుపడి వియ్యపురాలికి ఫోన్ చేయకండి, ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1641.

ఇక వంశవృక్షం. 1530 నుంచి 1688 దాకా రాజుగారి తరఫున హెరాల్డులు అనే వంశచిహ్నాల అధికారులు జిల్లాలు తిరిగి, వంశచిహ్నం వాడుకునే హక్కు ఎవరికుందో విచారించి వంశావళులు రాసుకున్నారు, కెంట్‌కి 1619లో వెళ్లారు. అట్టమీదిది వాటినుంచి దించిందే కావచ్చు. కానీ వివరాలు చెప్పింది ఆ ఇంటివాళ్లే కదా! చెప్పినాయన, ఆయన తండ్రి, తాత వరకూ సాధారణంగా నమ్మొచ్చు. ఆ పైన 1066లో ఇంగ్లండుని జయించిన విలియం ది కాంకరర్‌తో వచ్చిన వీరుడెవరైనా కనిపిస్తే నవ్వుకుని పేజీ తిప్పేయండి.

నన్నడిగితే అసలు బంగారం వీలునామాల్లో ఉంది. ఆస్తిపరులవి ఎక్కువగా వీలునామాలు ఖాయం చేసే చర్చి కోర్టు, కాంటర్‌బరీ ప్రెరొగేటివ్ కోర్టుకి వెళ్లేవి. 1384 నుంచి 1858 దాకా వాటి నకళ్లు లండన్‌లో క్యూ (Kew) అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో పేరుపెట్టి వెతకొచ్చు. విధవరాళ్ల వీలునామాలు అస్సలు వదలొద్దు, వెండి గిన్నె ఏ మనవరాలికి, పరుపు ఏ మరదలికి అని పేరుపేరునా రాస్తారు, చర్చి రిజిస్టర్లో దొరకని ఆడపిల్లలు అక్కడ దొరుకుతారు. పెద్దకొడుక్కి అయిదు షిల్లింగులే రాశాడని తండ్రి వెళ్లగొట్టాడనుకోకండి, భూమి కుటుంబ ఒప్పందం ప్రకారం అతనికి ముందే చేరిపోయి ఉండొచ్చు.

కెంట్ కావడం మీ అదృష్టం. మిగతా ఇంగ్లండులో చాలావరకు భూమి పెద్దకొడుక్కే పోయేది. ఇక్కడ మాత్రం వీలునామా లేకపోతే గావెల్‌కైండ్ అనే పద్ధతిలో, మన అన్నదమ్ముల వాటాల్లాగా, కొడుకులందరికీ సమానంగా వచ్చేది. కొన్ని పెద్ద కుటుంబాలు పార్లమెంటు చట్టంతో దీన్ని తప్పించుకున్నాయి. తప్పించుకోని భూమిని తర్వాత అమ్మితే, దస్తావేజులో వాటాదారులైన అన్నదమ్ములందరి పేర్లూ ఉంటాయి! ఇలాంటి పాత పత్రాల కోసం మెయిడ్‌స్టన్‌లోని జిల్లా ఆర్కైవ్స్‌లో అడగమనండి. ఇంట్లో ఉన్న ఆ కాగితాల్లో తోలు మీద రాసినవి, మైనపు ముద్రలు వేలాడేవి ఉంటే అవి ఉత్తరాలు కాకపోవచ్చు, ఇలాంటి దస్తావేజులే కావచ్చు, ముందు వాటినే ఫొటోలు తీయించండి.

మచిలీపట్నం సంగతి కొట్టిపారేయలేం. కెంట్‌లోని ఈస్ట్ లాంగ్డన్‌లో 1640లో పుట్టిన స్ట్రెయిన్షమ్ మాస్టర్, మద్రాసు గవర్నరుగా ఉండగా 1679లో మచిలీపట్నం వెళ్లాడు. ఇలాంటి కుటుంబాల చిన్నకొడుకులకి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం ఒక దారి. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు వైపు బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ఖననాలూ 1698 నుంచి ఉన్నాయి. మీవాళ్లాయన అంతకుముందే వచ్చుంటే మాత్రం కంపెనీ ఉత్తరాలూ ఉద్యోగుల జాబితాలూ వెతకాలి, అక్కడా దొరక్కపోతే మనవరాలి నోట్‌బుక్‌లో ఆయన పేరు పక్కన ప్రస్తుతానికి పెన్సిల్‌తో ఓ ప్రశ్నార్థకం పెట్టండి.