కారు ధర కింద ఆ ఆరు లైన్లు

ప్రశ్న: మాది కాకినాడ. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. ఇన్నాళ్లూ స్కూటీయే, ఇదే మొదటి కారు. ఎక్స్‌-షోరూమ్ ధర 8 లక్షల 40 వేలు. కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కాక ఇంకో ఆరు లైన్లున్నాయి: అండర్‌బాడీ కోటింగ్ 6,500, సిరామిక్ కోటింగ్ 18,000, యాక్సెసరీస్ ప్యాక్ 22,000, ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,500, నంబర్ ప్లేటు 2,000, హ్యాండ్లింగ్ చార్జీలు 7,000. మొత్తం 70 వేలు. ‘లోనులో కలిపేస్తాం మేడమ్, నెలకు తెలియనే తెలియదు. ప్యాక్ వద్దంటే మాత్రం డెలివరీ ఎప్పుడో చెప్పలేం’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: టీచరమ్మా, ముందు ఆ ‘తెలియదు’ సంగతి చూద్దాం. 9 శాతం వడ్డీకి 7 ఏళ్లయితే ఆ 70 వేలకు నెలకు 1,126 రూపాయలు. అంతా కట్టేసరికి 94,600 దాటుతుంది. తెలియకపోవడమేం!

విజయవాడలో 19 ఏళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను. నెలాఖరున టార్గెట్ నిండని సేల్స్ కుర్రాళ్ల మొహాలు చూసినవాణ్ణి, వాళ్లమీద నాకు కోపం లేదు. నేనే 2009లో నా బండికి టెఫ్లాన్ కోటింగ్ చేయించుకుని, మూడు వానలకు అది పోతే నోరు మూసుకున్నాను.

రేపు బజార్లో దొరికేదాన్ని ఇవాళ షోరూమ్‌లో కొనకండి. సిరామిక్ ఆ జాతే. మ్యాట్లూ అంతే. సీట్ కవర్లు మాత్రం ఎక్కడ కొన్నా ఒకటి చూడండి: మీ బండికి సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ ఉంటే, దానికి దారి వదిలి కుట్టిన కవరే వెయ్యాలి. అండర్‌బాడీ కోటింగ్ అంటారా, మీది సముద్రపు ఊరు, ఉప్పుగాలి నిజమే. కానీ ఈ రోజుల్లో బాడీ రేకుకు తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే పూత వేస్తారు. పైన హడావిడిగా కొట్టిన స్ప్రే తలుపుల అడుగున నీళ్లు కారే చిల్లుల్ని మూసేసి, లోపలినుంచి తుప్పు తెప్పించిన బండ్లు నా చేతిమీదుగా పోయాయి.

నంబర్ ప్లేటు: 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండికి హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీయే ఇవ్వాలి. దానికి వేరే బిల్లేమిటని అడగండి. హ్యాండ్లింగ్ డబ్బు ఆర్టీఓకు వెళ్లేది కాదు. ఏ పనికో కాగితం మీద రాసిమ్మనండి, చాలాసార్లు ఆ లైను అక్కడికక్కడే మాయమవుతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ మంచిదే, తొందర లేదు. చాలా కంపెనీలు మామూలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా ఇస్తాయి, ధర కాస్త పెరగొచ్చు.

మీరు అడగనిది ఇన్సూరెన్స్ గురించి. అసలు చూడాల్సింది అక్కడే. షోరూమ్ చెప్పిన కంపెనీ దగ్గరే తీసుకోవాలని రూలేమీ లేదు. బయట రెండు చోట్ల ధర కనుక్కోండి, ఐడీవీ (బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) మాత్రం మూడింటిలో ఒకేలా ఉండాలి. మీ బండికి అది ఎక్స్‌-షోరూమ్ ధరకు 5 శాతం తగ్గి 7 లక్షల 98 వేల దగ్గర రావాలి. ప్రీమియం చవగ్గా కనిపించడానికి దాన్ని తగ్గించి చూపిస్తారు. జీరో డిప్రిసియేషన్ తీసుకోండి. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాలకు సగం డబ్బు మీ జేబులోంచే. మీ స్కూటీ పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఇప్పటికే నడుస్తుంటే, దాన్ని కారుకు మళ్లీ కట్టక్కర్లేదు.

ఇక ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచినప్పుడు మా వర్క్‌షాప్ బయట రోడ్డు చివరిదాకా బండ్లే. నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. మామూలు పాలసీ దానికి డబ్బివ్వదు. ఒకే మోడల్ బండ్లు రెండు పక్కపక్కన నిలబడ్డాయి. ఈ కవర్ ఉన్న ఒకాయన సంతకం పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. లేని రెండో ఆయన ఎస్టిమేట్ చూసి మెట్లమీద కూర్చుండిపోయాడు. ఈ కవర్‌ను వాన మొదలయ్యాక కొనలేం.

డెలివరీ బెదిరింపుకు భయపడకండి. బుకింగ్ రసీదు మీద తేదీ రాయించుకోండి, చాసిస్ నంబర్ కేటాయించారా అని అడగండి. పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే మాట మీ కళ్లతో చూశాకే చెక్కు ఇవ్వండి.